నందలూరు దొర తరిమెన

మొన్న మా ఎదురింటాయన కొయ్యను తిప్పి నున్నగా చెక్కే కరెంటు తరిమెన ఒకటి బేరమాడడానికి కడపకు పోతూ నన్ను తోడు రమ్మన్నాడు. ఆయనకు ఇంటి వెనకాల కుర్చీలు, మంచాలు చేసే చిన్న కొట్టం ఉంది. ఒకరు వాడి వదిలేసిన యంత్రం కొనేటప్పుడు నేను పక్కన ఉంటే మోసం జరగదని మా ఊళ్ళో ఒక నమ్మకం. పెళ్ళిచూపులకు పెద్దముత్తైదువను పిలుచుకుపోయినట్లు నన్ను బస్సెక్కించి తీసుకుపోతారు. నేనూ ఆ మర్యాదకు లొంగి, ఉతికిన పంచె కట్టుకుని, జేబులో చిన్న సుత్తి వేసుకుని బయలుదేరతాను. పోత ఇనుమును సుత్తితో మెల్లగా తట్టి చూడాలి. లోపల బీట ఉంటే మొద్దుగా పలుకుతుంది. కొత్తగా రంగు వేసి ఉన్న చోటును మాత్రం వదలకుండా గోరుతో గీకి చూడాలి. కర్రపుల్ల ఒక కొన ఇరుసు మీద, రెండో కొన చెవి దగ్గర పెట్టుకుని, చక్రాన్ని చేత్తో తిప్పి వినాలి. అరిగిన ఇరుసు ముసలాయన మాదిరి గొణుగుతుంది. ఇవన్నీ చేశాను. యంత్రం బాగానే ఉంది. అమ్మే ఆయన నా వాలకం అంతా చూసి, "చర్చిలో ఆ కటాంజనం చేసిన పెద్దాయన నువ్వేనంట గదప్పా? మా నాయన చూపిచ్చినాడు నాకు. ఏం చెయ్యి అప్పా నీది!" అన్నాడు. నేను "ఊ" అన్నాను.

ఆ ఊ నాకు కొత్త కాదు, నలభై ఏళ్ళుగా అంటున్నదే. ఈసారి మాత్రం ఎందుకో అది నాతో పాటే బస్సెక్కింది. తిరుగు బస్సులో ఎదురింటాయన కొత్త యంత్రం సంగతులు చెబుతూనే ఉన్నాడు, నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. చర్చి పీఠం ముందు కొయ్య కంబాలతో కట్టిన ఆ కటాంజనం నేను చేయలేదు. మా అక్క చేసింది. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న భార్యకు కూడా. ఆమె కనిపెట్టే ఉంటుంది, అది వేరే సంగతి.

తరిమెన అంటే ఇప్పటివాళ్ళకు కరెంటుతో గిర్రున తిరిగేది. మా నాయన కాలంలో తరిమెన అంటే నేలలో పాతిన రెండు గుంజలు, వాటికి ఎదురెదురుగా రెండు ఇనుప మొనలు, ఆ మొనల నడుమ బిగించిన కొయ్య, కొయ్యకు రెండు చుట్లు చుట్టిన తాడు. ఒక మనిషి ఇటుపక్క నేల మీద చతికిలబడి ఉలి పట్టుకుంటాడు. ఇంకో మనిషి అటుపక్క కూర్చుని తాడు రెండు కొసలూ పట్టుకుని, ఒకసారి కుడిచేత్తో, ఒకసారి ఎడమచేత్తో లాగుతూ ఉండాలి. కొయ్య మనవైపు తిరిగినప్పుడు ఉలి తగిలించాలి, అటువైపు తిరిగినప్పుడు ఉలి వెనక్కి తీయాలి. తగిలించు, తియ్యి, తగిలించు, తియ్యి. మంచం కోళ్ళు, ఉయ్యాల కంబాలు, మజ్జిగ కవ్వాలు, సాలెవాళ్ళకు నూలు చుట్టుకునే కండెలు, అన్నీ అట్లా పుట్టినవే. మాది పెన్న గట్టు మీది ఊరు, సగం ఊరు మగ్గాలే, కాబట్టి కండెలకు ఎప్పుడూ గిరాకీ ఉండేది. వడ్రంగంలో మా నాయనకు నిదానస్తుడని పేరు. ఆ నిదానం మా అమ్మ చేతుల్లో ఉండేది, ఎందుకంటే తాడు లాగేది ఆమె. అమ్మ పోయాక తాడు అక్క చేతికి వచ్చింది, నాయన పోయాక ఉలి నా చేతికి వచ్చింది.

మా ఇళ్ళల్లో ఒక కట్టడి ఉండేది. తాడు ఆడవాళ్ళు పట్టవచ్చు, ఉలి ముట్టకూడదు. ఎందుకని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇంకో పద్ధతి కూడా ఉండేది: తరిమెన కింద రాలిన పొట్టు తాడు లాగినవాళ్ళది. పని చేయించుకున్నవాళ్ళు అడిగినా ఇవ్వరు. అక్క ఆ పొట్టును తన గంపలో ఎత్తుకుని పోయి, దోసెలు పోసి అమ్మే ఒకావిడకు పొయ్యి రాజేసుకోవడానికి ఇచ్చి, బదులుగా ఆకూ వక్కా తెచ్చుకునేది. ఆ గంప మీద ఇంకెవరూ చెయ్యి వేసేవాళ్ళు కాదు. ఇంట్లో అక్కకు సొంతమని చెప్పుకోవడానికి ఆ గంప ఒక్కటే ఉండేది, ఎందుకంటే ఆమె మొగుణ్ణి వదిలి వచ్చిన మనిషి. బావది పత్తికొండ దిక్కు ఒక పల్లె. పిల్లలు కలగలేదని ఆయన రెండోపెళ్ళి చేసుకుని, ఇదే ఇంట్లో ఒక మూల సర్దుకో అన్నాడు. అక్క సర్దుకోలేదు. గుడ్డల మూట చంకన పెట్టుకుని వచ్చి, మూట దించకుండానే, "తాడు లాగేదానికి మనిషి కావాలన్నారంటనే" అంది నాయనతో. అమ్మ పోయి ఎన్నాళ్ళో కాలేదు, అప్పటికి మేము ఎవరినీ కావాలనలేదు. నాయన ఒక్క క్షణం చూసి, "అవునమ్మా, కావాల" అన్నాడు. మా నాయన పెద్దగా మాట్లాడేవాడు కాదు, మాట్లాడిన ఆ కాస్తలో నాకు బాగా గుర్తున్న మాట ఇది.

నందలూరులో ఒక ఆంగ్లో ఇండియన్ దొర రైలు షెడ్డులో పని చేసి, వయసు మీరి, ఊరు వదిలి పోతూ ఇంట్లో సామానంతా అమ్ముతున్నాడని తెలిసింది. ఇది స్వరాజ్యం రావడానికి ఇంకా పది పన్నెండేళ్ళుందనగా. ఆ దొరకు ఇంటి వెనక ఒక రేకుల కొట్టం, అందులో కాలితో తొక్కితే తిరిగే తరిమెన ఉన్నాయట. సరదాకు కుర్చీకాళ్ళూ పిల్లల బొమ్మలూ చేసుకునేవాడట. నాకు నిద్ర పట్టలేదు. అక్క భుజం నొప్పి అంటోంది, అందుకే కొంటున్నానని అందరికీ చెప్పాను. అక్కకు భుజం నొప్పి ఉన్నమాట నిజమే. పొద్దున లేచేటప్పుడు ఎడమచెయ్యి తలదాకా ఎత్తలేకపోయేది. కానీ నేను కొన్నది ఆ భుజం కోసం కాదు. ఊళ్ళో ఎవరికీ లేనిది నా ఇంట్లో ఉండాలని కొన్నాను. తాడు లాగే మనిషి లేకుండా ఒక్కణ్ణే పని చేస్తూ నలుగురి కళ్ళకూ కనపడాలని కొన్నాను.

దొర మంచివాడు. నేను సుత్తితో తట్టి చూడడం అప్పటికి నేర్చుకోలేదు, ఆయనే తట్టి వినిపించాడు. కింద రథచక్రమంత ఇనుప చక్రం, పాదం పెట్టడానికి పలక, చక్రం నుంచి పైకి తోలుపట్టా. తొక్కితే కొయ్య ఒకే పక్కకు, ఆగకుండా తిరుగుతుంది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన తన తెలుగులో, "నెల దినాలు ఉత్తగా తొక్కు. కొయ్య పెట్టొద్దు. కాలు నేర్చుకోవాల మొదట" అన్నాడు. నేను చేతులు కట్టుకుని తల ఊపాను. మనసులో మాత్రం నవ్వుకున్నాను. పుట్టిన దగ్గర నుంచీ తరిమెన పక్కన పెరిగినవాణ్ణి, నాకు చెప్పొచ్చాడు పెద్ద. ఇంటికి వచ్చాక ఆ మాట దొర గొంతుతో అనుకరించి చెప్పి అందర్నీ నవ్వించాను. అక్క మాత్రం నవ్వకుండా, "ఇంకొకతూరి చెప్పు, ఏమన్నాడు ఆ దొర?" అని అడిగింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ నవ్వాను.

దాన్ని ఇంటికి చేర్చడం ఒక తిరునాళ్ళ అయింది. రైల్లో ఎర్రగుంట్ల దాకా వచ్చింది, అక్కడి నుంచి ఎద్దుల బండి. పెన్నలో నీళ్ళు లేవు, ఇసుక ఉంది. బండి చక్రాలు ఇరుసు దాకా ఇసుకలో దిగిపోయి, ఎద్దులు మోకాళ్ళ మీద కూలబడ్డాయి. బండివాడు నన్నూ, దొరనూ, దొరను కన్నవాళ్ళనూ తిట్టాడు. యంత్రాన్ని ముక్కలుగా విప్పి, ఆ పెద్ద చక్రాన్ని ఇసుకలో దొర్లించుకుంటూ నేనూ బండివాడూ ఏరు దాటాము. అవతలి గట్టు మీద బట్టలుతికేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. నాకు ఆ చూపులు ఊరేగింపు మాదిరి అనిపించాయి. ఇంటి దగ్గర అక్క హారతి పళ్ళెంతో నిలబడింది. చక్రం కింద నిమ్మకాయ పెట్టింది, పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. ఆ తర్వాత కొట్టంలోకి పోయి, గుంజలకు వేలాడుతున్న తాడును విప్పి, చుట్ట చుట్టి, ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలో పట్టుకుని నిలబడింది. నేను చూశాను. ఒక్క మాట అనాల్సింది, అనలేదు.

మొదటి దినమే కొయ్య పెట్టాను. నేల మీద కూర్చుని పని చేసినవాణ్ణి, ఇప్పుడు నిలబడి, ఒంటికాలి మీద బరువంతా మోపి, రెండో కాలితో తొక్కాలి. కొక్కిరాయి మాదిరి నిలబడ్డావని నా భార్య నవ్వింది. నిలబడడం నాలుగు రోజుల్లో అలవాటయింది. చెయ్యి మాట వినలేదు. కొయ్య ఒకే పక్కకు తిరుగుతున్నా నా చెయ్యి తగిలించడం, తీయడం, తగిలించడం, తీయడం మానలేదు. కాలు లేచినప్పుడల్లా ఉలి లేచేది, దిగినప్పుడల్లా కొయ్యను కరిచేది. కోళ్ళ నిండా మెట్లు మెట్లుగా గాట్లు. కండెలు చేస్తే వాటి మీద నూలు తెగుతోందని సాలెవాళ్ళు వెనక్కి తెచ్చి అరుగు మీద పోసి పోయారు. ఉలి మొద్దుబారిందన్నాను, పట్టా జారుతోందన్నాను, దొర అరిగిన సరుకు అంటగట్టాడన్నాను. చెయ్యి తప్పు అని మాత్రం నా నోటి నుంచి రాలేదు.

ఆ గడ్డు రోజుల్లోనే పాదిరి గారు ఇంటికి వచ్చారు. మన తెలుగాయనే, పక్క పల్లెలో కూలిపని చేసుకునే కుటుంబంలో పుట్టి చదువుకున్నవాడు. పాత చర్చికి మరమ్మతు చేస్తున్నారు. పీఠం ముందర మోకరించే చోట కటాంజనం కట్టాలి, దానికి నలభై కంబాలు, అన్నీ అచ్చు ఒకే తీరుగా ఉండాలి. "నీ కాడ ఏదో కొత్త తరిమెన ఉండాదంట గద నాయనా. ఊరంతా చెప్పుకుంటాండారు" అన్నారు. నల్లమల టేకు ఆయనే తెప్పించి ఇచ్చారు. ఆ టేకులో నాలుగు కొయ్యలు రెండు రోజుల్లో పాడు చేశాను. అయిదోది బిగించకుండానే పక్కన పెట్టాను. టేకు నాణెం బాగాలేదని పాదిరి గారితో చెప్పడానికి మాట సిద్ధం చేసుకుని, చెప్పలేక, ఏదో పనుందని వంకపెట్టి ప్రొద్దుటూరు పోయి, మూడు రోజులు చుట్టాలింట్లో తిని కూర్చున్నాను.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం. కొట్టం ముందు అక్క గంప ఉంది. అందులో పొట్టు ఉంది. నా చేతిలో రాలే పొట్టు ఎప్పుడూ రవ్వ మాదిరి, విరిగి విరిగి ఉండేది. గంపలో ఉన్నది పొడుగ్గా, చుట్టలు చుట్టలుగా, ఒక్కొక్కటి మూరెడు రిబ్బను మాదిరి ఉంది. ఉలి ఎక్కడా లేవకుండా కొయ్య మీద నడిస్తేనే అట్లాంటి పొట్టు వస్తుంది. లోపలికి పోతే గోడకు ఆనించి రెండు కంబాలు నిలబెట్టి ఉన్నాయి. వేలితో పైనుంచి కిందికి నిమిరాను. ఎక్కడా వేలు ఆగలేదు. అక్క వంటింట్లో నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది, దొంగతనం చేసి దొరికినదాని మాదిరి.

"దొర చెప్పినాడంటివి గదరా, నెల దినాలు ఉత్తగా తొక్కమని" అంది. "నువ్వు అన్నం తిని పండుకున్నప్పుడు తొక్కుతాంటి. ఉత్తగానే. నువ్వు ఊరికి పోయినాంక కొయ్య పెట్టి చూస్తి. నువ్వు ఉలి ఎట్ల పడతావో ఎదురుగా కూసోని ఇన్నేండ్లు చూసినదాన్నే గద." నేను ఒక కంబాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తుంటే కాస్త ధైర్యం వచ్చి, "నీ చెయ్యి మాటిమాటికీ లేస్తాండాదిరా. నేను తాడు వెనక్కి లాగినప్పుడు లేచినట్ల. తాడు లేదు గదా, యాల లేపుతావు?" అంది.

ఎంత చక్కగా చెప్పింది! నెల రోజులుగా నేను కనిపెట్టలేనిదాన్ని ఒక్క మాటలో చెప్పింది. ఆ మాటకు నేను ఆమె కాళ్ళకు దండం పెట్టాల్సింది. పెట్టలేదు సరికదా, "ఉలి ముట్టుకున్నావా?" అని అరిచాను. ఆమె తల వంచుకుంది. అరిచిన తర్వాత నాకు మిగిలిన ముప్పైనాలుగు కొయ్యలూ, పాదిరి గారి ముఖమూ గుర్తొచ్చాయి. గొంతు తగ్గించి, "సరే, చెయ్యి. తలుపేసుకుని చెయ్యి. ఎవరికీ తెలీకూడదు" అన్నాను. అక్క నా వైపు చూసిన చూపులో కోపం లేదు. సంతోషం ఉంది. అది చూసి నాకు అప్పుడే సిగ్గేసింది, కానీ ఆ సిగ్గును మింగేయడం నాకు కష్టం కాలేదు. పాడైన నాలుగింటి బదులు కొత్త కొయ్యలు ఎట్లాగో సంపాదించాను. నెల రోజులు మా కొట్టం తలుపు పగలంతా మూసే ఉంది. వాకిట్లో అరుగు మీద నేను కూర్చుని ఉలులు నూరుతూ, వచ్చినవాళ్ళతో, లోపల రంగు ఆరుతోంది, దుమ్ము పడకూడదు అని చెబుతూ ఉండేవాణ్ణి. లోపల చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉండేది. రంగు ఆరేటప్పుడు చక్రం ఎందుకు తిరుగుతుందని ఎవరూ అడగలేదు. ఉలి ఆడమనిషి పడుతుందని ఎవరి ఊహకూ తట్టదు కదా, అదే నాకు కలిసి వచ్చింది.

చర్చి తెరిచిన దినం మమ్మల్నీ పిలిచారు. మగవాళ్ళు ఒకపక్క, ఆడవాళ్ళు ఒకపక్క చాపల మీద కూర్చున్నారు. అక్క తనకున్న ఒక్క మంచి చీర కట్టుకుని వచ్చి ఆడవాళ్ళలో వెనక వరసన కూర్చుంది. ఆమె చూపు కటాంజనం మీదే ఉంది, ఒక్కో కంబాన్నీ లెక్కపెడుతున్నట్లు పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అయ్యాక పాదిరి గారు, ఈ పని చేసిన చేతులను దేవుడు దీవించుగాక అని, "ఎవరు నాయనా చేసింది, లేచి నిలబడు" అన్నారు. ఆయనకు తెలుసు నేనని, అందరికీ చూపించడానికి అడిగారు. నేను లేచాను. చప్పట్లు కొట్టారు. శాలువ కప్పారు. కప్పుతూ ఆయన, "ఒక్కడివే చేసినావా ఇంత పనీ?" అని మెల్లగా అడిగారు, నా ఒక్కడికే వినిపించేటట్లు. అప్పుడైనా చెప్పవచ్చు. "ఊ" అన్నాను. మొదటి ఊ అదే. శాలువ కప్పుకుని తిరిగేసరికి అక్క కూడా అందరితో పాటు చప్పట్లు కొడుతోంది.

బావ ఆ నెలలోనే వచ్చాడు. చాలా ఏళ్ళ తర్వాత గడప తొక్కాడు, అరటిపళ్ళతో. రెండో భార్య కవల పిల్లల్ని కని మంచం పట్టిందట. "దుడ్లిచ్చినా పనికి మనిషి దొరకడం లేదప్పా. శానా కష్టంగా ఉండాది. పిల్చకపోతామని వచ్చినా" అన్నాడు. దుడ్లిచ్చినా దొరకని పనిమనిషి కోసం వచ్చానని తనకు తెలియకుండానే చెప్పేశాడు. నా భార్య అంతకుముందే ఒకటి రెండుసార్లు, తాడు లేకపాయె, ఆమెకు ఈడ పనేముండాదని అని ఉంది. పొట్టు గంప కూడా అప్పటికి మా పొయ్యి పక్కకు చేరింది. నిందంతా నా భార్య మీద వేస్తే నాకు సుఖంగానే ఉంటుంది. కానీ ఆమెకు లోపలి సంగతి ఎవరూ చెప్పలేదు, నాకు తెలుసు. అక్క తలుపు పక్కన నిలబడి, "నాకీడ పని ఉండాది. నా తమ్మున్ని అడుగు. వాడు ఉండమంటే ఉంటా" అంది. అని నా వైపు చూసింది. అది బతిమాలే చూపు కాదు, నమ్మకంగా చూసింది. నలభై కంబాలు చేసి నిలబెట్టిన మనిషి కదా, పని లేదని తమ్ముడు ఎట్లా అంటాడనుకుంది.

చర్చిని చూసినవాళ్ళు అప్పటికే బెంచీలకనీ, ఉయ్యాలలకనీ నా కోసం వస్తున్నారు. అక్క ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఏదో ఒక దినం తలుపు తెరుచుకుంటుందని నాకు భయం. అంతకంటే పెద్దది, ఆమె ఉలి పట్టుకుని నిలబడిన తీరు చూడలేకపోయేవాణ్ణి. నాయన చెయ్యి నాకు రాలేదు, ఆమెకు వచ్చింది. "మిషను వచ్చిందాయె గదా బావా. తాడు పనేమీ లేదిప్పుడు" అన్నాను నేలకేసి చూస్తూ. అక్క లోపలికి పోయింది. వచ్చినప్పటి మూటే మళ్ళీ కట్టుకుంది. బండెక్కే ముందు మాత్రం నన్ను పక్కకు పిలిచి, "ఇరుసుకు దినామూ నూనె పెట్టు. మరిచిపోతావు నువ్వు" అని చెప్పి పోయింది.

తర్వాత నేను చేసిన పనులు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది, నవ్వు వెనకాలే ప్రాణం సిగ్గుతో చచ్చిపోతుంది. చెయ్యి మార్చుకోవడం చేతకాక యంత్రాన్ని మార్చడం మొదలుపెట్టాను. కంచరి దగ్గర ఇరుసుకు కొత్త ఇత్తడి కడియాలు పోయించాను. పట్టా మార్చి దున్నపోతు తోలు పట్టా కుట్టించాను. చక్రం తేలికగా ఉందని దానికి సీసం కట్టాను. బరువెక్కువై ఒకసారి తొక్కుడు పలక విరిగి నా మోకాలు వాచింది. కర్నూలు నుంచి ఇంగ్లీషు సీమ ఉలులు తెప్పించాను. ప్రతి మార్పుకూ ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి, ఏం తెలివప్పా అని మెచ్చుకుని పోయేవాళ్ళు. ఒకరు వాడిన యంత్రాలు ఎంచడంలో నాకు వచ్చిన పేరంతా ఆ రెండేళ్ళలో సంపాదించిందే. పని మాత్రం వచ్చేది కాదు. ఒప్పుకున్న ఉయ్యాల కంబాలు గాట్లతోనే ఇస్తే, చర్చికి ఒక తీరు, మాకొక తీరా అని ఒక పెద్దమనిషి ముఖం మీదే అడిగి పోయాడు. ఆదోనిలో ఒక పత్తిమిల్లు మూతపడి, అందులోని కర్రపని యంత్రాలు అమ్ముతున్నారంటే అది చూసే వంకతో బయలుదేరాను. పత్తికొండ దారి అదే కదా.

బావ ఇంట్లో అక్క వసారాలో శనక్కాయలు ఒలుస్తోంది. ఇద్దరు చంటివాళ్ళు ఆమె ఒళ్ళో పొట్టుతో ఆడుకుంటున్నారు. సగం తల నెరిసింది. నన్ను చూసి ముఖం విప్పారింది, మజ్జిగ ఇచ్చింది, కూర్చున్నాక మొట్టమొదట అడిగిన మాట, "పట్టా జారుతాండాదా?" అని. నేను కొత్త పట్టా, ఇత్తడి కడియాలు, సీసం అన్నీ చెప్పాను. శానా మంచి పని చేసినావన్నట్లు తల ఊపుతూ వింది. వినీ వినీ, "చెయ్యి లేస్తానే ఉండాదా?" అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రా అక్కా, ఇంటికి రా. నాతో కావడం లేదు" అన్నాను.

అక్క ఒలిచిన గింజలను చేటలోకి తీసి పక్కన పెట్టింది. "వస్తాలేరా. ఈడ నాకేం సుఖముండాది" అంది. "పాదిరయ్యతో ఒక మాట చెప్పు. ఆ కంబాలు మా అక్క చేసిందని చెప్పు. ఊరికంతా చాటాల్సిన పని లేదు, ఆయన ఒక్కడికి చెప్పు. చెప్పినానని కబురు పంపు. ఆ దినమే మూట కట్టుకుని వస్తా."

"ఎందుకక్కా అది" అన్నాను.

"నేనూ ఒక పని చేసినానని ఒకరికన్నా తెలియాల గదరా" అంది.

తప్పకుండా చెబుతానన్నాను. ఒట్టు కూడా వేశాను. ఆదోని పోకుండా అక్కడి నుంచే తిరిగి వచ్చాను, ఆ తొందర అంత నిజం. ఎర్రగుంట్లలో రైలు దిగేటప్పటికి ఆ మాట ఎట్లా మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను. ఇంటికి వచ్చి, ఆరోజు అలసటగా ఉందని పడుకున్నాను. మరుసటి దినం ఆదివారం, చర్చిలో జనం ఉంటారనుకున్నాను. ఆ పై దినం ఇంకేదో. నాలుగు నెలలకు పత్తికొండ సంతకు పోయివచ్చే ఒక సాలెవాడు మా అరుగు మీద కూర్చుని, "మీ అక్క అడగమనిందప్పా, తమ్ముడు పాదిరయ్యను కలిసినాడా అని" అన్నాడు. ఊళ్ళో లేడని చెప్పు అన్నాను. ఇంకో ఆరు నెలలకు మళ్ళీ అదే మనిషి, అదే ప్రశ్న. జ్వరంతో ఉన్నాడని చెప్పు అన్నాను. సాలెవాడు నా ముఖం వైపు చూసి, ఆ పొద్దున ఆయన బజారులో తిరుగుతుండగా మేమిద్దరం చూసిన సంగతి ఎత్తకుండా లేచి పోయాడు. మూడోసారి కబురు రాలేదు.

బావ పోయిన తర్వాత ఆ కవల పిల్లలే అక్కను చూసుకున్నారు, బాగానే చూసుకున్నారని విన్నాను. నేను పెళ్ళిళ్ళలో, చావుల్లో అక్కను చూసేవాణ్ణి. నా పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకునేది, నా ఆరోగ్యం అడిగేది, ఆ మాట మాత్రం మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. ఆమె ఎత్తకపోవడం నాకు హాయిగా ఉండేది. అన్నిటికంటే నాకు సిగ్గుచేటైన సంగతి ఇదే. అక్క పోయి ఎనిమిదేళ్ళయింది. పాదిరి గారు ఆమె కంటే చాలా ముందే పోయారు, కానీ కటాంజనం కట్టిన తర్వాత ఆరేళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. ప్రతి పొద్దునా మా వీధిలో నుంచే నడిచిపోతూ, నన్ను చూసి నిలబడి, "బాగుండావా నాయనా" అని అడిగి, బాగున్నానని నేను అన్నాకే కదిలేవారు. అవి మా అక్క చేసినవి, నాలుగు మాటలు, ఆయన నిలబడిన ఆ కాస్తసేపట్లో చెప్పి ఇంకా సమయం మిగిలేది. రేపు చెబుతాను, రేపు చెబుతాను అని ఆయన ఉన్నన్నాళ్ళూ అనుకున్నాను, ఇన్నాళ్ళకు ఆ రేపు వచ్చింది, వినాల్సిన ఇద్దరూ నిన్నలోనే ఉండిపోయారు.